రాళ్లకు కిలోమీటరు దూరంలో

(ఆచార్య సి. మహదేవన్ స్మారకోపన్యాస పాఠం)



ఆచార్య సి. మహదేవన్ (1901–1962) పేరు ఈ ఊళ్లో భూగర్భ శాస్త్రం చదివినవారికి పరిచయం చేయనక్కర్లేదు. మిగిలినవారి కోసం నాలుగు మాటలు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వేలో పనిచేసి, 1940లలో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఎక్స్-కిరణాలతో ఖనిజాల లోపలి అమరికను చూసిన ఆ కళ్లు ఇక్కడికొచ్చాక తీరం మీద పడ్డాయి. విశాఖ ఇసుకలో మోనజైట్ గురించి రాశారు. గోదావరి ముఖద్వారానికి ఉత్తరాన ఇసుక దిబ్బ ఎందుకలా పొడవుగా పెరిగిపోతోందో శిష్యులతో కలిసి పరిశోధించారు. 1952లో అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వచ్చినప్పుడు ఆయనతో చేయి కలిపి బంగాళాఖాతం అధ్యయనానికి ఇక్కడ పునాది వేశారు.

ఆయన పనిని ఇవాళ తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తీరాన్ని ఆయన గీసి పెట్టిన గీతలా చూడలేదు. ఇసుక వస్తుంది, పోతుంది. నది తోస్తుంది, అల లాగుతుంది. అలా కదిలే నేల మీద మనిషి ఏదైనా కట్టాలనుకుంటే ముందు ఆ కదలికను తెలుసుకోవాలి. అందుకే ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఒక కట్టడం గురించి.

సమస్య మామూలుదే. తీరంలో ఒక అపురూపమైన చోటు ఉంటుంది. చూడ్డానికి జనం వస్తారు. వాళ్లకు నీడ కావాలి, మంచినీళ్లు కావాలి, మరుగుదొడ్డి కావాలి, బండి పెట్టుకునే జాగా కావాలి, చూస్తున్నదేమిటో చెప్పే మనిషి కావాలి. అందుకో సందర్శక కేంద్రం కడతారు. పైన సౌర ఫలకాలు పెట్టి, పక్కన నాలుగు మొక్కలు నాటి, పర్యావరణ హితమైన కట్టడమని బోర్డు పెడతారు. ఇక్కడ చేసే వాదన ఒక్కటే: ఆ హితం ఎంతో గోడల లోపల లెక్కేస్తే తేలదు. ఆ కట్టడం వచ్చాక అసలు చోటు మీద పడే కాళ్లు, చక్రాలు, నీళ్లు ఎంత తగ్గాయో బయట లెక్కేయాలి. ఇందుకు ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వేను ఉదాహరణగా తీసుకుందాం. చివర మన భీమిలి దారికి వద్దాం.

1. ముందు రాయి

యాంట్రిమ్ కౌంటీ ఉత్తర తీరంలో, బుష్‌మిల్స్ అనే చిన్న ఊరికి దగ్గర్లో, కొండ అంచు కింద రాతి స్తంభాలు సముద్రంలోకి దిగిపోతుంటాయి. దాదాపు 40,000 ఉంటాయని లెక్క. ఎక్కువ వాటికి ఆరు పలకలు. ఐదు, ఏడు పలకలవీ ఉంటాయి. పైన నిలబడి చూస్తే ఎవరో పనిగట్టుకుని పరిచిన గచ్చులా కనిపిస్తాయి.

పరిచింది లావా. సుమారు 6 కోట్ల ఏళ్ల క్రితం ఉత్తర అట్లాంటిక్ తెరుచుకుంటున్న కాలంలో అక్కడ లావా పొరలు పొరలుగా పారింది. ఒక దశలో పాత లోయలోకి వచ్చి చిక్కగా నిండింది. నిదానంగా చల్లారింది. చల్లారుతూ కుంచించుకుపోయింది. ఆ బిగువుకు పైనుంచీ కిందనుంచీ పగుళ్లు బయలుదేరి లోపలికి సాగాయి. స్తంభాలు అలా విడివడ్డాయి. విడివడిన స్తంభాలు మళ్లీ అడ్డంగానూ తెగాయి. ఒక ముక్క నెత్తి గుంటగా ఉంటే దాని మీది ముక్క అడుగు ఉబ్బుగా ఉండి అందులో సరిగ్గా కూర్చుంటుంది. వాన పడ్డాక ఆ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి.

మన సభకు మరింత దగ్గరగా అనిపించే విషయం ఆ కొండ గోడలో ఉంది. నల్లటి రెండు బసాల్ట్ పొరల మధ్య ఇటుక రంగు పట్టీ ఒకటి సాగిపోతుంది. రెండు విడతల లావా ప్రవాహాల మధ్య చాలా కాలం విరామం దొరికింది. అప్పటి వేడి, తేమ వాతావరణంలో కింది పొర పైభాగం శిథిలమై, ఇనుము మిగిలి, ఎర్రమట్టిగా మారింది. ఇవాళ చలిగాలి కోసే ఆ తీరంలో ఒకప్పటి ఉష్ణమండలానికి ఆ ఎర్ర పట్టీయే సాక్ష్యం.

రాళ్ల గురించి తగువు కూడా పాతదే. 1693లో లండన్ రాయల్ సొసైటీ దాకా ఆ రాళ్ల వార్త చేరింది. 1740 ప్రాంతంలో సుసానా డ్రూరీ అనే చిత్రకారిణి వాటిని ఓపిగ్గా, కొలిచినట్టుగా చిత్రించింది. ఆ చిత్రాల నుంచి చెక్కిన ప్రతులు యూరప్ అంతా తిరిగాయి. ఈ రాయి అగ్నిపర్వతాలదేనని ఫ్రాన్స్‌లో నికోలా దెమారే 1771లో వాదించాడు. నీటి అడుగున పేరుకున్న రాయి అనేవారితో ఆ తర్వాత దశాబ్దాల పాటు వాదం నడిచింది. భూగర్భ శాస్త్రం తన కాళ్ల మీద తాను నిలబడటానికి సాయం చేసిన రాళ్లివి.

రాళ్లొక్కటే వారసత్వం అనుకోకూడదు. 1588లో స్పెయిన్ ఆర్మడాకు చెందిన గిరోనా ఓడ ఆ కొండ మొనకు కొట్టుకుని మునిగిపోయింది. 1967లో మొదలుపెట్టి గజ ఈతగాళ్లు పైకి తెచ్చిన దాని బంగారం ఇప్పుడు బెల్‌ఫాస్ట్ మ్యూజియంలో ఉంది. సముద్రపు నాచును ఆరబెట్టి కాల్చి అమ్ముకున్న తీర జనం ఆనవాళ్లూ అక్కడున్నాయి. ఫిన్ మెకూల్ అనే మహాకాయుడు స్కాట్లాండ్‌లోని శత్రువును కలుసుకోవడానికి సముద్రం మీద వేసిన బాట ఇదేనని జానపద కథ. స్కాట్లాండ్ వైపు స్టాఫా ద్వీపంలో ఇలాంటి స్తంభాలే ఉన్నాయి. కథ కట్టినవాళ్లు రెండు తీరాలనూ చూసినవాళ్లే అయి ఉండాలి.

2. కంచె, ట్రామ్, మంట

జనం తాకిడి ఈ కాలపు జబ్బని మనం అనుకుంటాం. కాజ్‌వే దగ్గర అది 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1883లో పోర్ట్‌రష్ నుంచి బుష్‌మిల్స్‌కు ట్రామ్ వచ్చింది. 1887లో దాన్ని కాజ్‌వే దాకా పొడిగించారు. బుష్ నది నీటి ఉరవడితో పుట్టిన కరెంటుతో అది నడిచింది. జలవిద్యుత్తు వాడిన తొలి ట్రామ్ మార్గాల్లో అదొకటి. 1949లో మూతపడింది. ఆ తర్వాత దారంతా కార్లదీ బస్సులదీ అయింది. ‘సుస్థిర రవాణా’ అన్న పదబంధం ఎవరూ వాడని రోజుల్లో నీటితో నడిచే బండి ఉండేది. ఆ పదబంధం వాడుకలోకొచ్చేనాటికి అది లేదు. 2002లో ఆ పాత ట్రాక్ జాడ మీదే బుష్‌మిల్స్ నుంచి కాజ్‌వే దాకా ఓ మూడు కిలోమీటర్లు చిన్న పర్యాటక రైలు వేశారు.

ట్రామ్ జనాన్ని తెచ్చింది. జనం వచ్చేసరికి వ్యాపారం వచ్చింది. 19వ శతాబ్దం చివర ఒక కంపెనీ రాళ్ల చుట్టూ కంచె వేసి రుసుము పెట్టింది. స్థానికులు కోర్టుకెళ్లి ఓడిపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు డబ్బు కట్టినవారికే రాళ్లు. 1961లో నేషనల్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చేతికి ఆ తీరం వచ్చాకే ఆ పద్ధతి పోయింది. 1986లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది స్థానిక కౌన్సిల్ కొండ మీద సందర్శక కేంద్రం తెరిచింది. 2000 ఏప్రిల్ చివర అది కాలిపోయింది.

తర్వాత పన్నెండేళ్లు తాత్కాలిక గదులతోనే నెట్టుకొచ్చారు. దూరం నుంచి వచ్చినవాళ్లకు ప్రపంచ వారసత్వ స్థలం ముందు డబ్బాల్లాంటి గదులే స్వాగతం పలికేవి. ఎవరు కట్టాలి, ఎవరి నేలలో కట్టాలి, లాభం ఎవరిది అన్న దగ్గర రాజకీయం ముదిరింది. ప్రైవేటు ప్రతిపాదనకు 2007లో మంత్రిత్వ శాఖ మొగ్గు చూపింది, గగ్గోలు పుట్టింది, 2008లో దాన్ని తోసిపుచ్చారు. ఈ కథను ఇంతకంటే సాగదీయనక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకుందాం: ఆలస్యమైనందువల్లే అక్కడ మంచి భవనం వచ్చింది. మంట ఆరిన మర్నాడే హడావిడిగా పునాది తవ్వి ఉంటే పాతదే మళ్లీ లేచేది.

3. దూరం

2005లో అంతర్జాతీయ పోటీ పెట్టారు. 200కు పైగా నమూనాలు వచ్చాయి. డబ్లిన్‌కు చెందిన హెనెగన్ పెంగ్ ఆర్కిటెక్ట్స్ గెలిచారు. గిజా పిరమిడ్ల పక్కన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం రూపకర్తలూ వీళ్లే. కేంద్రం 2012 జూలైలో తెరుచుకుంది. సుమారు 1.85 కోట్ల పౌండ్లు ఖర్చయింది.

ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఈ భవనం ఫొటోలు చూసే ఉంటారు. ఈసారి ఫొటో పక్కన పెట్టి పటం చూడండి. భవనం నుంచి రాళ్లకు సుమారు కిలోమీటరు దూరం. భవనం కొండ మీద, రాళ్లు కొండ కింద. మధ్యలో మలుపు తిరిగే దారి. భవనంలోంచి రాళ్లు కనపడవు. రాళ్ల దగ్గర నిలబడితే భవనం కనపడదు. కాఫీ తాగుతూ అద్దంలోంచి స్తంభాలు చూసే ఏర్పాటు చేయడం వాళ్లకు చేతకాక కాదు. అలా చేసి ఉంటే రాళ్లకు గోడ వచ్చేది, మెట్లు వచ్చేవి, రాత్రి దీపాలు వచ్చేవి. మురుగు గొట్టం కూడా అక్కడికే దిగేది.

రూపం విషయంలో వాళ్ల ఆలోచన సూటిగా ఉంది. నేల మీద భవనం పెట్టడానికి బదులు నేలనే రెండు చోట్ల మడిచారు. ఒక మడత పైకి లేచింది. దాని కింద కేంద్రం. రెండో మడత కిందికి దిగింది, అందులో కార్లు. పైన గడ్డి. కొండ అంచు వెంట నడిచేవాడికి గడ్డి నేల కొద్దిగా వాలినట్టు అనిపిస్తుందే తప్ప భవనం ఎదురుపడదు. కార్లు సైతం కంటికి ఆనవు. ఈ రెండో సంగతికే ఎక్కువ మార్కులు వేయాలి. వారసత్వ స్థలాల ముఖాన్ని ఎక్కువగా చెడగొట్టేది పార్కింగే. నమూనా చూపించేటప్పుడు మాత్రం ఆ బొమ్మలో కార్లే ఉండవు. వీళ్లు కార్లను మొదటి రోజు నుంచే గీతల్లోకి తెచ్చుకున్నారు.

ఐర్లండ్ పశ్చిమ తీరంలో మోహెర్ కొండల దగ్గర 2007లో తెరిచిన కేంద్రం కూడా గట్టులోకి దూరిపోయే పద్ధతిలోనే ఉంది. డెన్మార్క్‌లో బ్లావాండ్ ఇసుక దిబ్బల మధ్య 2017లో తెరిచిన టిర్పిట్జ్ మ్యూజియం, పాత జర్మన్ బంకరు పక్కన ఇసుకలోకి కోసుకుపోయింది. దాక్కోవడం ఇప్పుడొక శైలి అయిపోయింది. దాక్కున్న ప్రతిదీ మంచిదని అనలేం. నేలలోకి దిగాలంటే నేలను తవ్వాలి. ఏ నేల తవ్వకానికి ఓర్చుకుంటుంది, ఏది ఓర్చుకోదు అన్నది భూగర్భ శాస్త్రవేత్త చెప్పాల్సిన మాట. మహదేవన్ గారి శిష్యుల శిష్యులు ఈ సభలో ఉన్నారు కనుక ఆ ప్రశ్న ఇక్కడ వదిలి, చివర్లో మళ్లీ తీసుకుందాం.

4. రాయి, గడ్డి, గాలి

భవనం గోడ దగ్గరికి వెళ్లి చూద్దాం. నిలువుగా నల్లటి రాతి స్తంభాలు, వాటి మధ్య అద్దం. ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య ఎడం ఒక్కలా ఉండదు. ఒకచోట దగ్గరగా చేరి, మరోచోట పలచబడి, మెల్లగా గోడ కిటికీ అవుతుంది. ఒక్కో స్తంభంలో రాయి మీద రాయి పేర్చిన అతుకులు కనిపిస్తాయి. కాజ్‌వే స్తంభాలు అడ్డంగా తెగిన తీరు చూసినవాళ్లకు ఆ అతుకు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. రాయి కిల్రే దగ్గరి క్వారీది. అదే ప్రాంతం, అదే లావా యుగం. దూరదేశపు గ్రానైట్ తెప్పించలేదు. కాజ్‌వే ఆరు పలకల ఆకారాన్ని అచ్చు పోసి కాంక్రీటుతో నకలు చేయలేదు. నకలు చేసి ఉంటే అసలు రాయి చూడబోయే ముందే దాని బొమ్మ చూపించినట్టయ్యేది.

కప్పు మీద గడ్డి అందానికే కాదు. వాన నీటిని పట్టి నిదానంగా వదులుతుంది, లోపలి వేడిని కాపాడుతుంది. చుట్టుపక్కల పెరిగే జాతుల గడ్డినే అక్కడ పెంచారు. మందమైన కాంక్రీటు పగటి వేడిని దాచుకుంటుంది. నేలలోంచి వేసిన గొట్టాల గుండా బయటి గాలి లోపలికొస్తుంది; దారిలోనే నేల దాని చలిని కొంత తగ్గిస్తుంది. హీట్ పంపులు నేల అడుగు వేడిని పైకి తెస్తాయి. బ్రిటన్‌లో పచ్చని భవనాలకిచ్చే ‘బ్రీమ్’ శ్రేణుల్లో దీనికి ఎక్సలెంట్ వచ్చింది. 2013లో స్టిర్లింగ్ బహుమతి తుది జాబితా దాకా వెళ్లింది.

డెన్మార్క్‌లో రీబే దగ్గరి వాడెన్ సముద్ర కేంద్రం ఈ విషయంలో ఇంకో అడుగు వేసింది. డోర్టే మాండ్రుప్ రూపకల్పనలో 2017లో తెరిచిన ఆ భవనానికి కప్పూ గోడలూ రెల్లుతో నేసినట్టుంటాయి. ఆ ప్రాంతపు పాత రైతు ఇళ్లకు వేసే రెల్లే అది. ఉప్పుగాలి తగిలే చోట ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో విశాఖవాసులకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! రెల్లు కప్పుకు తుప్పు భయం లేదు. పాడైన చోట ఊరి పనివాడే మళ్లీ కట్టగలడు. నలభై ఏళ్ల తర్వాత బాగుచేసే మనిషి, సరుకు ఆ ఊళ్లోనే దొరుకుతాయా అని అడిగితే మన తీరాల్లో అల్యూమినియం పలకలు, గాజు తెరలు కట్టిన భవనాలు చాలావరకు తేలిపోతాయి.

5. చక్రాలు, టికెట్లు, నాణేలు

కోవిడ్‌కు ముందు 2019లో కాజ్‌వేకు వచ్చినవారు 10 లక్షలకు చేరువ. భవనం ఎంత పొదుపుగా కరెంటు వాడినా, అంతమంది ఒక్కొక్కరు ఒక్కో కారులో వస్తే పొగ లెక్క తలకిందులవుతుంది. అందుకని బుష్‌మిల్స్‌లో బండి పెట్టి బస్సులో రమ్మని ప్రోత్సహించారు. ప్రజా రవాణాలో వచ్చినవారికి తగ్గింపు ధర ఇచ్చారు. రాళ్ల దగ్గరికి నడవలేనివారికి కొండ దిగే చిన్న బస్సుంది. నడిచేవారికి దారి ఉచితం. ఇది చాలామందికి తెలియని సంగతి: రాళ్లను చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు కేంద్రానికి, పార్కింగుకు, ఆడియో గైడుకు. ఒకనాటి కంచె తగువు తర్వాత ప్రజలకు దక్కిన దారి అది. ఆ దారిని కాపాడుతూనే నిర్వహణకు డబ్బు ఎలా తేవాలన్నది అక్కడ తెగని పంచాయితీ. టికెట్టు ధర మీద సందర్శకులూ, బస్సులు నేరుగా కొండకే వెళ్లిపోతే తమకేమిటని చుట్టుపక్కల దుకాణదారులూ అడగడం సహజం. ఈ అడగటాన్ని నిర్వాహకులు చిరాకుగా చూడకూడదు. ఊరికి బతుకుతెరువు దొరికితేనే కొండకు కాపలా దొరుకుతుంది.

ఇక నాణేలు. స్తంభాల మధ్య సన్నటి పగుళ్లలో సందర్శకులు అదృష్టానికని, ప్రేమ గుర్తుగానని నాణేలు దూర్చడం అలవాటైంది. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే నాణెం విసరని తెలుగు కుటుంబం ఉండదు కాబట్టి ఈ కోరిక మనకు బాగా అర్థమవుతుంది. కాని నది నాణేన్ని తీసుకుపోతుంది, పగులు తీసుకుపోలేదు. ఉప్పు గాలికి నాణెం తుప్పు పట్టి అసలు మందానికి మూడింతల దాకా ఉబ్బుతుంది. ఉబ్బి రాతిని అంచుల దగ్గర చీలుస్తుంది. రాగి, నికెల్, ఇనుము మరకలు స్తంభాల ఒంటి మీద కిందికి కారతాయి. బ్రిటిష్ జియలాజికల్ సర్వే ఈ నష్టాన్ని పరిశీలించింది. పరీక్షగా పది రాళ్ల నుంచి నాణేలు జాగ్రత్తగా తీయించారు. మొత్తం తీయడానికి 30,000 పౌండ్లకు పైగా అవుతుందని అంచనా వేసి, నాణేలు దూర్చవద్దని 2025లో నేషనల్ ట్రస్ట్ బహిరంగంగా వేడుకుంది.

6 కోట్ల ఏళ్ల నాటి, అట్లాంటిక్ తాకిడికి తట్టుకున్న రాయి ఒక చిల్లర నాణేనికి చిట్లుతోంది. కిలోమీటరు దూరంలో ఉన్న భవనం దీన్ని ఆపలేకపోయిందన్నది నిజమే. అయితే నాణేలు దూర్చవద్దన్న మాట జనం చెవిన వేయడానికి అంతకంటే మంచి చోటు కూడా లేదు. కిందికి దిగబోయే వారిలో చాలామంది ముందు ఆ కేంద్రంలోంచే నడుస్తారు. చెప్పాల్సింది అక్కడ చెప్పాలి.

6. చెప్పే మాట

కేంద్రం తెరిచిన కొత్తలోనే లోపలి మాట మీద పెద్ద దుమారం రేగింది. రాళ్ల వయసు గురించిన ఆడియో ప్రదర్శనలో, భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని నమ్మే మతవర్గం అభిప్రాయం ప్రస్తావనకు వచ్చింది. శాస్త్రానికి సరిసాటిగా దాన్ని నిలబెట్టారని శాస్త్రవేత్తలు, సందర్శకులు అభ్యంతరం చెప్పారు. కొన్ని నెలల్లోనే ట్రస్ట్ ఆ భాగాన్ని సవరించి, రాళ్ల వయసు మీద శాస్త్రం చెప్పేదాన్నే తానూ అంగీకరిస్తున్నట్టు స్పష్టం చేసింది. సవరించినందుకు మెచ్చుకోవాలి.

ఫిన్ మెకూల్ కథకు మాత్రం లోపల పెద్దపీట వేశారు. ఎవరూ తప్పు పట్టలేదు. కథను కథగా చెబితే పిల్లలు హాయిగా వింటారు, ఆ తర్వాత లావా సంగతి చెబితే అదీ వింటారు. రెంటినీ కలగాపులగం చేసినప్పుడే ఇబ్బంది. మన తీరంలో ప్రతి గుట్టకూ ఒక పాదముద్ర, ప్రతి మడుగుకూ ఒక శాపం ఉన్నాయి. వాటిని బోర్డు మీంచి తీసేయనక్కర్లేదు. దేని గది దానికి ఇస్తే సరిపోతుంది.

7. భీమిలి దారిలో

విశాఖ నుంచి భీమిలికి వెళ్లే దారిలో, ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన, ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 1886లోనే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ వాటి గురించి రాశాడు. హిమయుగంలో సముద్ర మట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోసింది. తర్వాత ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడు పొర పట్టి ఎర్రబారింది. ఉష్ణమండల తీరాల్లో ఇలాంటివి చాలా అరుదు. తమిళనాడు తేరి ఇసుకల దగ్గర, శ్రీలంకలో మాత్రం పోలినవి కనిపిస్తాయి. భారత భూగర్భ సర్వే వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. అదే విడతలో తిరుమల కొండలు, కర్ణాటకలో స్తంభాకారపు లావా రాళ్లున్న సెయింట్ మేరీస్ దీవులు కూడా చేరాయి. జాబితాలో చోటు వచ్చింది కాబట్టి జనం పెరుగుతారు. జనం పెరిగితే కేంద్రం కట్టాలనే మాట వస్తుంది. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

కాజ్‌వే నుంచి ఇక్కడికి రూపం తెచ్చుకుంటే పొరపాటు. అక్కడిది బసాల్ట్; ఇక్కడిది వదులుగా అతుక్కున్న ఇసుక. వేలితో గీస్తే రాలుతుంది. దిబ్బల అందమంతా వాన నీరు కోసిన గండ్లలో ఉంది. నిట్టనిలువు ఎర్ర గోడలు, మధ్య ఇరుకు దారులు, అడుగున సన్నటి ఇసుక. ఆ గండ్లు ఇంకా కోసుకుంటూనే ఉన్నాయి. ఇక్కడ నేల మడిచి భవనం దాచాలని తవ్వితే దిబ్బే పోతుంది. పక్కన కాంక్రీటు ప్రాంగణం వేస్తే, అంత మేర పడ్డ వాన ఇంకకుండా ఒక్కచోటికి చేరి, కొత్త గండి కొడుతుంది. పచ్చిక కోసం నీళ్లు పెడితే గోడల కాళ్లు తడిసి జారతాయి. మే నెల ఎండలో నీళ్లు పెట్టకుండా గడ్డి కప్పు నిలవదు. కనుక ఐర్లండ్ గడ్డి ఐర్లండ్‌లోనే ఉండనిద్దాం. తెచ్చుకోవాల్సింది ఆ కిలోమీటరును.

ఇంకా చెప్పాలంటే మనం ఇంకొంచెం దూరం జరగవచ్చు. దిబ్బలకు కొద్ది కిలోమీటర్లలోనే భీమిలి, అంటే భీమునిపట్నం ఉంది. డచ్చివాళ్ల సమాధులు, పాత రేవు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, 1861లో ఏర్పడిన మున్సిపాలిటీ. కేంద్రాన్ని ఆ ఊళ్లోనే, ఉన్న పాత భవనాల్లో ఒకటి బాగుచేసి పెట్టొచ్చు. కొత్త సిమెంటు అక్కర్లేదు, కొత్త రోడ్డు అక్కర్లేదు. కార్లు అక్కడ ఆగుతాయి. చిన్న విద్యుత్ బస్సు దిబ్బల అంచు దాకా తీసుకెళ్తుంది. టీ కొట్టు నడిపే ఆవిడకు, చేపలు అమ్మే జాలరి ఇంటికి, గైడుగా మారే ఇంటర్ కుర్రాడికి నాలుగు డబ్బులు వస్తాయి. దిబ్బల దగ్గర ఉండాల్సింది తీసి పెట్టుకోగల నీడ పందిరి, ఎరువుగా మారే మరుగుదొడ్డి, గుర్తు పెట్టిన ఒకే నడక దారి, ఆ దారి ఎందుకు దాటకూడదో చెప్పే మనిషి. అంతకు మించి ఏదీ వద్దు.

చట్టం కూడా ఇటే మొగ్గుతుంది. 1991లో మొదలైన తీర నియంత్రణ నోటిఫికేషన్లు 2011, 2019లలో మారాయి; మారిన ఆ రెండూ ఇసుక దిబ్బలను అతి సున్నితమైన మొదటి శ్రేణిలో పెట్టాయి. చట్టం ఉండి కూడా పక్కన నేల చదును చేస్తున్నారని, లారీలు తిరుగుతున్నాయని వార్తలు వస్తూనే ఉన్నాయి. ఊళ్లో పాత భవనంలో పెట్టే కేంద్రానికి ఆ చట్టంతో పెద్దగా పేచీ ఉండకపోవచ్చు. పైగా అది కాపలాదారుల ఆఫీసూ అవుతుంది.

తుపాను సంగతి మరవకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్లకు అటూఇటూ వీచిన గాలికి ఈ ఊళ్లో గాజు తెరల భవనాలు ఏమయ్యాయో చూసినవారే మీరంతా. మన కేంద్రానికి పెద్ద గాజు ముఖం పనికిరాదు. మందపాటి గోడ, లోతైన వసారా, బరువైన తలుపు చాలు. పాత భీమిలి ఇళ్లు అలా కట్టినవే.

నీటి విషయంలో మనకు ఐర్లండ్ కంటే దగ్గరి పాఠం తొట్లకొండ మీద ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు సముద్రం ఎదుట కొండ నెత్తిన స్తూపం, విహారాలు కట్టుకుని, రాతిలోనే తొట్లు తొలిచి వాన నీరు పట్టుకున్నారు. ఎక్కడ తొలిచారో చూడండి: నీరు తనంతట తాను వాలుకు చేరే చోట. ముందు వాలు చూశారు, తర్వాత ఉలి పట్టారు. మన రూపకర్తలు కూడా కాగితం తీసే ముందు దిబ్బల వద్ద కనీసం ఒక ఏడాది నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ చూడాలి. ఏ గండిలో ఏ వానకు ఎంత నీరు పారింది, ఏ గోడ ఎంత వెనక్కి జరిగింది, సెలవు రోజుల్లో జనం ఎటు నుంచి ఎటు నడుస్తున్నారు, ఎక్కడ ఎక్కి ఎక్కడ జారుతున్నారు అన్నది పటం మీద గుర్తించాలి. భూగర్భ శాస్త్ర విద్యార్థులు, ఆర్కిటెక్చర్ విద్యార్థులు కలిసి చేయదగ్గ పని ఇది. విశ్వవిద్యాలయం దిబ్బలకు అరగంట ప్రయాణం. కొలిచే గుంజలు కూడా దిబ్బ ఒంట్లో దిగగొట్టకుండా, అంచున గట్టి నేలలో పాతి, అక్కడి నుంచి ఫొటోలతో కొలవాలి. రాబోయే జూన్ తొలి వానకు ముందే ఆ గుంజలు సిద్ధం కావాలని ఈ సభ ద్వారా రెండు విభాగాల ఆచార్యులకు విన్నపం.